పార నోట్లో చెంచా

నేను ఒక స్టీలు చెంచాను. ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు ఆ మాట నమ్మరు. కాడ లేదు, పైన ఒక చిల్లు, కింద ఒక చిల్లు, సుత్తి దెబ్బలకు నడుము కాస్త పక్కకు తిరిగింది. అయినా పుట్టుక పుట్టుకే. ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దమనుషులు ఇంటి ముందు బోర్డు మీద పాత హోదానే రాయించుకుంటారు కదా, నాదీ అలాంటిదే అనుకోండి. పనీపాటా లేకుండా ఈ గోడగూట్లో పడుకుని ఉన్నాను కాబట్టి నా కథ చెప్పుకోవడానికి తీరిక దొరికింది.

ఎక్కడో ఉత్తరాదిన ఒక కార్ఖానాలో పుట్టాను. రేకు మీద అచ్చు పడేసరికి నాలాంటివాళ్ళం వందలమందిమి టపటపా రాలాం. తల్లిదండ్రులు లేరు గానీ తోబుట్టువులకు మాత్రం కొదవ లేదు. లారీలెక్కి, గోనెసంచుల్లో పడి, చివరికి భీమిలి బజారులో ఒక సామాన్ల కొట్టుకు చేరాను. అక్కడ కాసులమ్మ నన్ను చూసింది. చూడటమంటే పెళ్ళిచూపులే. రెండు చేతులతో పట్టుకుని వంచబోయింది. నేను వంగలేదు. "ఇది గట్టిదే," అని కొంగున ముడేసుకుని తీసుకుపోయింది. వంగలేదని మెచ్చి తెచ్చుకున్న ఆ ఇంట్లోనే నన్ను సుత్తి పెట్టి వంచుతారని అప్పుడు నాకేం తెలుసు?

కాసులమ్మది భీమిలికి ఇవతల, సముద్రం ఒడ్డునున్న చిన్న పల్లె. భర్త పోలారావు గాలాల వేటగాడు. వలలు వేసేవాళ్ళు ఊరినిండా ఉన్నారు గానీ, ఒంటి దారంతో వంజరం లాంటి పెద్ద చేపను లాగాలంటే పోలారావే లాగాలని పేరు. వాళ్ళకు ఒక్కతే కూతురు, నూకరత్నం. నా ఉద్యోగమంతా ఆ పిల్ల నోటితోనే.

అదేం పిల్లో గానీ, ఇంట్లో కూర్చోబెడితే మెతుకు ముట్టేది కాదు. చంకనేసుకుని ఒడ్డుకు తీసుకుపోవాలి. "అదిగో దానయ్య తెప్ప, ఆఁ అను. అదిగో ఎల్లాజీ తెప్ప, ఆఁ అను," అంటూ కాసులమ్మ తెప్పకో ముద్ద చొప్పున పెట్టేది. తెప్పలు అయిపోయి గిన్నెలో అన్నం మిగిలిపోతే, పోయిన తెప్పలే మళ్ళీ వచ్చాయని చెప్పి పెట్టేది. పులుసన్నం మెత్తగా మెదిపి, ముళ్ళు ఏరి, ఊది, నా మీద పెట్టి అందించేది. ఆ చిన్న నోరు నా మీద మూసుకున్నప్పుడల్లా నాకు కలిగే తృప్తి ఇంతా అంతా కాదు. చెంచా జన్మకు అంతకన్నా ఏం కావాలి చెప్పండి.

పోలారావు కన్ను నా మీద పడింది ఒక ఎండపూట. కాసులమ్మ నన్ను తోమి గట్టు మీద పెట్టింది. గాలికి నేను కాస్త ఊగాను, గోడ మీద నా మెరుపు ఎగిరింది. చుట్ట కాలుస్తున్న పోలారావు ఆ మెరుపును చూసి చుట్ట నోట్లోంచి తీశాడు. కవళ్ళని చిన్న చేపలుంటాయి, పెద్ద చేపలన్నీ వాటి మీద ఎగబడతాయి. దెబ్బతిన్న కవళ్ళ చేప పక్కకు ఒరిగి ఈదితే అచ్చం అలాగే ఉంటుందట. మర్నాడు ఎవరికీ చెప్పకుండా నా కాడ రంపపు బ్లేడుతో కోశాడు. రెండు చిల్లులు పొడిచాడు, సుత్తితో నడుము తిప్పాడు. పై చిల్లుకు దారం, కింది చిల్లుకు గాలం.

కాసులమ్మ అరుపు వీధి చివరిదాకా వినిపించింది.

"ఓలమ్మో! పిల్ల నోట్లో ఎట్టే సెంచాని తీసుకెళ్ళి సేప నోట్లో ఎడతావా మావా? నీకు బుద్దున్నాదా?"

"పిల్లకి సేయొచ్చింది గదే. ఇంక సేత్తో తింతాది," అన్నాడు పోలారావు తలెత్తకుండా.

నా ఉద్యోగం అలా ఒక్క ముక్కతో ఊడిపోయింది. కనీసం నన్నొక మాట అడిగినవాళ్ళు లేరు.

కొత్త పని మొదట్లో నాకు బొత్తిగా నచ్చలేదు. తెప్ప వెనక నీళ్ళలో గిరగిరా తిరుగుతూ, ఒళ్ళంతా మెరిపించుకుంటూ, నేను చేపనని అబద్ధం చెబుతూ పోవాలి. వంజరం ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. నీలంలోంచి ఒక గీతలా వచ్చి ఫట్‌మని కొడుతుంది. ఇంట్లో నా మీద మూసుకున్న నోటికి కడుపు నిండేది. ఇక్కడ నా మీద మూసుకున్న నోరు వేరేవాళ్ళ కడుపు నింపేది. అయితే వంజరాలు వరసగా రావడంతో కాసులమ్మ కోపం పులుసులో కరిగిపోయింది. నడుం ముక్క ఎప్పుడూ రత్నం కంచంలోకే వెళ్ళేది. పోనీలే, చుట్టుతిరిగైనా ఆ పిల్లకు నేనే పెడుతున్నానని సరిపెట్టుకున్నాను.

రత్నం పెద్దదైంది. ఆ పల్లెలో ఆడవాళ్ళు తెప్ప ఎక్కరు. పండగనాడు తెప్పకు పసుపు రాస్తారు, బొట్టు పెడతారు, వచ్చిన చేపను గంపకెత్తి ఊరూరా అమ్ముతారు, కానీ తెప్పలో కాలు మాత్రం పెట్టరు. ఎందుకని రత్నం అడిగితే అదంతే అన్నారు. ఆ పిల్ల ఇంక అడగడం మానేసి ఈత నేర్చుకుంది. ఒడ్డున రాళ్ళ దగ్గర మునిగి ఆలిచిప్పలు తీసేది. తర్వాత పట్నం నుంచి భార్గవ్ అనే కుర్రాడు వచ్చి, వీపుకు గాలి సిలిండర్లు కట్టి జనాన్ని సముద్రం అడుక్కి తీసుకెళ్ళే కేంద్రం ఒకటి పెట్టాడు. రత్నం అందులో చేరి, పని నేర్చుకుని, వచ్చినవాళ్ళకు నీళ్ళ కింద దారి చూపే మనిషైంది. తెప్ప ఎక్కనివ్వని ఊరు, ఆడపిల్ల ఏకంగా సముద్రం అడుక్కి దిగితే ఏమనాలో తోచక ఊరుకుంది.

పోలారావుకు మాత్రం ఆ ఉద్యోగం తలకెక్కలేదు. "డబ్బులిచ్చి మరీ నీటిలోకి దిగి, సేపల్ని సూసి, ఒట్టి సేతుల్తో ఎనక్కొచ్చేత్తారా? ఏటి జనాలే బాబూ!" అనేవాడు. అన్నా, సాయంత్రం కూతురు ఇంటికొచ్చేసరికి కింద ఏం కనిపించిందని అడక్కుండా ఉండేవాడు కాదు.

అసలు సంగతికి వస్తాను. ఊరికి ఎదురుగా నీళ్ళలో మునిగి ఉన్న రెండు పెద్ద రాళ్ళున్నాయి. జోడురాళ్ళంటారు. ఒకరోజు పొద్దున అక్కడ నన్ను కొట్టింది వంజరం కాదు, పార. పార అంటే మట్టి తవ్వేది కాదండీ, చేప. వెడల్పాటి వెండి ఒళ్ళు, ఎత్తయిన నుదురు, కత్తెరలా చీలిన తోక. ఒడ్డుకు దగ్గరగా రాళ్ళున్నచోటే కాపురం. అది కవళ్ళ గుంపు మీదికి దూకితే నీళ్ళు పగిలిన చప్పుడవుతుంది. నన్ను కొట్టింది మామూలుది కూడా కాదు. చెంచాతో తినే వయసులో రత్నం ఎంతుండేదో అంత పొడుగు. దారం పోలారావు వేలిని ఎముకదాకా కోసింది, రాయికి రాసుకుని తెగింది. నేను పార దవడకు వేలాడుతూ వెళ్ళిపోయాను.

ఆ పల్లెలో ఒక కట్టుబాటుంది. ఎవరి గాలం చేప నోట్లో ఉంటే ఆ చేప వాళ్ళది. వేరేవాళ్ళ వలలో పడినా తెచ్చి ఇవ్వాలి, పట్టినవాడికి తోకముక్క దక్కుతుంది. గాలం ఊడిపోయిందో, అది మళ్ళీ సముద్రం చేప, ఎవరికి దొరికితే వాళ్ళది. పోలారావు ఒడ్డుకు రాగానే తెగిన వేలు చూపించి, "జోడురాళ్ళ కాడ పెద్ద పార. దాని నోట్లో నా సెంచా ఉన్నాది. అది నా సేప," అని నలుగురి ముందూ చెప్పాడు. నలుగురూ ఒప్పుకున్నారు. నీళ్ళలో ఉన్న నాకు ఇవన్నీ ఎలా తెలుసంటారా? కాసులమ్మ ఇప్పటికీ రోజూ ఎవరికో ఒకరికి ఈ కథ చెబుతూనే ఉంటుంది, గూట్లో పడుకుని నేను వింటూనే ఉంటాను.

పారతో నా కాపురం గురించి చెప్పాలి. మొదట్లో నాకు భలే గర్వంగా ఉండేది. తెప్ప వెనక ఈడ్చుకుపోవడం ఒక వేగమా? పార తోక ఒక్కసారి ఆడిస్తే రాయి ఈ పక్కనుంచి ఆ పక్కకు వచ్చేవాళ్ళం. పొద్దుపొడుపు దాని వేళ. అప్పుడే కవళ్ళు గుంపుగా రాళ్ళ మీదికి వస్తాయి. పార కిందనుంచి చూస్తూ, తొందర లేనట్టు తిరుగుతూ, ఉన్నట్టుండి పైకి దూసుకుపోతుంది. నోరు తెరిచి చేపను లోపలికి లాక్కుని టక్కున మూస్తుంది.

మూయబోతే మధ్యలో నేనున్నాను.

గాలం పై దవడ మూల దిగింది, నేను నోటికి అడ్డంగా పడ్డాను. ఎంత మూసినా వేలు దూరేంత సందు మిగిలేది. లోపలికి వెళ్ళిన కవళ్ళు ఆ సందులోంచి జారి బయటికి పోయేవి. పార మళ్ళీ దూకేది, మళ్ళీ జారిపోయేవి. ఎప్పుడో ఒకటి గొంతు దిగేది. చివరికి ఇసుకలో బొరియలు తవ్వే టేకు చేప వెనక పడింది. టేకు అంటే చాపలా పరుచుకుని ఈదే చేప. అది ఇసుక తవ్వితే పీతపిల్లలు, రొయ్యపిల్లలు లేస్తాయి. అంతటి వేటకత్తె, టేకు వీపు మీద నీడలా తిరుగుతూ ఆ ఎంగిలి కోసం కాచుకునేది. అన్నం పెట్టడానికి పుట్టినదాన్ని, ఒక నోటికి అన్నం అందకుండా అడ్డం పడ్డాను. ఊడి రాలిపోదామంటే నా చేతుల్లో లేదు. అసలు నాకు చేతులే లేవు.

ఇలా ఉండగా నీళ్ళ కింద మనుషులు కనిపించడం మొదలైంది. ముందు బుడగల చప్పుడు వచ్చేది, తర్వాత నల్లటి తొడుగుల్లో వాళ్ళు వచ్చేవాళ్ళు. పార వాళ్ళకు భయపడేది కాదు. ఎవరో చూద్దామని ఒకసారి దూరంగా చుట్టూ తిరిగేది. దానికి ఒక గుణముంది. వెంటపడితే ఒక్క క్షణంలో మాయమైపోతుంది, పట్టించుకోకుండా ఊరుకుంటే మళ్ళీ వచ్చి ఇంకాస్త దగ్గరగా చూస్తుంది. మనుషుల్లో కూడా అలాంటివాళ్ళు లేకపోలేదు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చేతులూ కాళ్ళూ ఆడిస్తూ దాని వెంటపడి, తోక మాత్రం చూసి వెళ్ళేవాళ్ళు. ఎవరో ఒకరిద్దరు రాతిని ఆనుకుని నెమ్మదిగా ఊపిరి వదులుతూ ఉండిపోయేవాళ్ళు. పార వాళ్ళ ముఖానికి ఎదురుగా వచ్చి, పెద్ద కన్ను తిప్పి చూసి, పక్కకు మళ్ళేది.

వాళ్ళు చూసేది దాని కన్నును కాదు, నన్ను. నీళ్ళలోకి ఎండ దిగినప్పుడు దాని నోటి పక్కన నేను తళుక్కుమనేదాన్ని. ఆ చేపకు 'ముక్కెర' అని పేరు పెట్టారు. ముక్కెర పెట్టుకున్న చేప! ఫొటోలు తీశారు. భార్గవ్ ఆ ఫొటో ఒకటి పెద్దది చేయించి కేంద్రం ముందు బోర్డుకు అంటించాడు. ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి, ముక్కెర కనిపిస్తుందా అని అడిగి మరీ దిగేవాళ్ళు. ఆకలితో నకనకలాడే ప్రాణిని చూసి ఎంత ముచ్చటగా ఉందో అనుకుంటూ పైకి పోయేవాళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మెరిసేదల్లా నగ అనుకోవడం వాళ్ళకు అలవాటు, అంతే.

రత్నం ఊళ్ళో పెళ్ళి పనుల్లో ఉండి కొన్నాళ్ళు కేంద్రం వైపే రాలేదు. మళ్ళీ దిగిన మొదటిరోజు పార దాని అలవాటు ప్రకారం ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టుకు దగ్గరగా వెళ్ళింది. రత్నం నన్ను చూసింది. నా నడుము వంకర ఏ సుత్తిదో ఆ పిల్లకు తెలియదా? అద్దం వెనక కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత ఆ కళ్ళు నన్ను వదిలి చేప పొట్ట మీదికి వెళ్ళాయి. నిండుగా ఉండాల్సిన పొట్ట లోపలికి పోయి ఉంది, తల మాత్రం పెద్దగా మిగిలింది. నన్ను కాకుండా చేపను చూసిన మొదటి మనిషి నా రత్నమే.

ఆ పూట ఇంట్లో జరిగిన మాటలు కాసులమ్మ చెప్పగా విన్నవే.

"నానా, నీ సెంచా సూసాను," అంది రత్నం.

పోలారావు చేతిలో ముద్ద ఆగింది. "సేప?"

"సేపా ఉన్నాది. సిక్కి సగమైపోయింది నానా. నోరు మూత పడక తిండి దిగట్లేదు దానికి."

"ఐతే దూరం పోదు. అక్కడే ఉంతాది. నాను పట్టుకొత్తాను."

"నాను దాని నోట్లోది తీసేత్తాను."

"తీసేత్తే అది నాది కాదు."

"నీది కాకపోతే ఏటి నానా? బతుకుద్ది గదా!"

"సూడు పాపా. కడుపు మాడి సావడం కన్నా నా సేతిలో సావడం దానికి నయం. అదీ గాక..." అని ఆగిపోయి, కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ 'అదీ గాక' వెనకున్న మాట కాసులమ్మకు తెలుసు. దారం కోసిన వేలు ఆయనకు సరిగా ముడుచుకోవడం మానేసింది. ఆ తర్వాత ఒక్క పెద్ద వంజరమూ దక్కలేదు. పోలారావు పనైపోయిందని ఒడ్డున మెల్లగా అనుకోవడం మొదలుపెట్టారు. ఆ పారను నలుగురూ చూస్తుండగా ఒడ్డున పడేస్తే తప్ప ఆ మాట పోదు. మర్నాటినుంచి ఆయన బతికున్న కవళ్ళను గాలానికి గుచ్చుకుని జోడురాళ్ళ దగ్గర మాటు వేశాడు. పైన తండ్రి, కింద కూతురు, ఇద్దరి పట్టుదలా ఒకే చేప మీద.

రత్నం భార్గవ్ దగ్గరికి వెళ్ళి, "సర్, అది ముక్కెర కాదు. మా నాన్న గాలం," అంది.

"అందరూ దాన్ని చూడటానికే కదా రత్నం వస్తున్నారు. హాయిగానే తిరుగుతోంది కదా?" అన్నాడట అతను.

"పాత ఫొటోలు, కొత్త ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని ఒకసారి సూడండి సర్."

చూసుకున్నాడు. మర్నాడు బోర్డు మీంచి ఫొటో తీసేసి, చేప నోట్లో గాలం ఎలా తీద్దామో చెప్పమన్నాడు. ఆ సంగతి విన్నప్పుడు ఆ కుర్రాడిని నేను మెచ్చుకున్నాను.

మొదటిసారి రత్నం నేరుగా మా మీదికి ఈదుకొచ్చింది. అందరికీ వెంటపడొద్దని చెప్పే పిల్లే, కంగారులో తనే వెంటపడింది. పార ఎటు పోయిందో నాకే తెలియలేదు. రెండోసారి సంచిలో కవళ్ళు తెచ్చింది. తిండి ఆశ చూపిస్తే దగ్గరికొస్తుందని అనుకుంది పాపం. సంచి విప్పడమే ఆలస్యం, ఎక్కడెక్కడి చేపలూ వచ్చి ముసురుకున్నాయి. ఆకలి మీదున్న పార ఆ గుంపు మధ్యలోకి రాయిలా దూసుకొచ్చింది. సంచికీ చేతికీ దానికి తేడా ఏం తెలుస్తుంది? నా గాలం మొన రత్నం అరచేతిని చీరేసింది. నీళ్ళలో ఆ లోతున నెత్తురు ఎర్రగా ఉండదు, ఆకుపచ్చగా కనిపిస్తుంది. నేను తినిపించి పెంచిన పిల్ల నెత్తురు అది. ఆ రోజు నాకు పట్టిన దుఃఖం ఇంకెప్పుడూ పట్టలేదు.

చెయ్యి కాస్త మానేదాకా రత్నం రాలేదు. ఈలోపల పార ఇంకా నీరసించింది. పొద్దున కవళ్ళు వచ్చినా పైకి చూడటం మానేసింది. టేకు వెనకే, ఇసుకకు దగ్గరగా మెల్లగా తిరిగేది. పైన పోలారావు తెప్ప నీడ రోజూ వచ్చి నిలబడేది. ఆయన దించిన కవళ్ళు మా కళ్ళముందే గింజుకునేవి. పార వాటిని చూసేది. ఏదో ఒక పూట ఆ తేలిక తిండికి ఆశపడి వెళ్తుందని నేను వణికిపోతుండేదాన్ని.

రత్నం మళ్ళీ వచ్చిన రోజు సంచి లేదు, చెవులకు కమ్మలు లేవు, ఒంటి మీద మెరిసేదేదీ లేదు. భార్గవ్ రాయి దగ్గర ఉండిపోయాడు. రత్నం ఒక్కతే వచ్చి, టేకు తవ్వుతున్న చోటికి కాస్త ఇవతల ఇసుక మీద బోర్లా పడుకుంది. మా వైపు చూడనైనా చూడలేదు. నెమ్మదిగా, సన్నగా ఊపిరి వదులుతోంది. టేకు తవ్వుకుంటూ తవ్వుకుంటూ ఆమె వైపే జరిగింది, దాని వెనకే మేమూ. పార ఒకసారి ఆగి చూసింది. బుడగలు తప్ప ఏ కదలికా లేదు. ఇంకాస్త ముందుకు వెళ్ళింది. రత్నం చెయ్యి ఇసుక మీదనుంచి ఎప్పుడు లేచిందో, ఎప్పుడు నా చుట్టూ మూసుకుందో చెప్పలేను.

ఆమె లాగలేదు. పట్టుకుంది, అంతే. లాగింది పార. ఎక్కడ దాచుకుందో అంత బలాన్ని, ఒక్క ఊపున తల విదిల్చి ఎగిరింది. రత్నాన్ని ఇసుక మీద బారెడు దూరం ఈడ్చింది. టేకు లేచి పారిపోయింది, ఇసుక పొగలా కమ్మేసింది. ఉప్పునీళ్ళలో నానినాని తుప్పుపట్టిన గాలం పుటుక్కున విరిగింది. నేను రత్నం పిడికిట్లో ఉన్నాను. పార లేదు.

ఆ పెనుగులాటలో నీటి లాగుడు ఆమెను రాళ్ళకు అవతలి పక్కకు తీసుకుపోయింది. లోతునుంచి ఒక్కసారిగా పైకి వస్తే ప్రాణానికే ప్రమాదం కాబట్టి, ఉండాల్సినంతసేపు మధ్యలో ఆగుతూ, అలసిపోయి పైకి తేలింది. తేలిన చోటికి భార్గవ్ పడవ చాలా దూరం. దగ్గరలో ఉన్నది, ఇంజను ఆపి నిలిపిన పోలారావు తెప్ప.

"పాపా!" అని కేకేశాడు పోలారావు. ఎడంచేత్తో గాలం దారం పట్టుకుని, కుడిచేత్తో తెడ్డు అందించాడు. "పట్టుకో. ఎక్కు."

"తెప్ప ఎక్కకూడదు గదా నానా," అంది రత్నం రొప్పుతూ.

"నోర్మూసుకుని ఎక్కు!"

సిలిండరు పట్టీ పట్టుకుని లాగి తెప్పలో పడేశాడు. రత్నం ఊపిరి తీసుకుని పిడికిలి విప్పింది. నేను, నాతోపాటు విరిగిన గాలం ముక్క. పోలారావు నన్ను చూశాడు, విరిగిన చోటు చూశాడు, కూతురి అరచేతి మీద మానీ మానని గీత చూశాడు. నలుగురి ముందూ నాదన్న చేప ఇప్పుడు ఆయనది కాదు. నలుగురికీ ఏం చెప్పుకుంటాడు? ఆ మొహం చూస్తే నాకు జాలేసింది.

అప్పుడు తెప్పకు పక్కనే నీళ్ళు ఉడికినట్టు లేచాయి. కవళ్ళు. గుంపంతా వెండి చిల్లరలా పైకి చిమ్మింది, దాని మధ్యలోంచి పార లేచింది. నోరంతా తెరుచుకుని లేచి, నీటిపైనే టక్కున మూసింది. ఏ సందూ లేకుండా, పూర్తిగా. మళ్ళీ మునిగి మళ్ళీ లేచింది. దవడ పక్కన పుండు ఎర్రగా కనిపిస్తోంది, అయినా దానికి ఆ ధ్యాసే లేదు. ఎన్నాళ్ళ ఆకలో అది.

పోలారావు ఎడంచేతిలో దారం ఇంకా నీళ్ళలోనే ఉంది. దాని చివర కొత్త గాలం, గాలానికి బతికున్న కవళ్ళ చేప. పార ఆ వైపే తిరిగింది. దారం వణకడం ఆయన వేళ్ళకు తెలిసింది, నాకూ కనిపించింది. గాలం లేని చేప, ఎవరికి దొరికితే వాళ్ళది. చెయ్యి కదపకుండా ఒక్క క్షణం ఊరుకుంటే చాలు.

"నానా," అంది రత్నం.

ఆయన దారం లాగేశాడు. ముడుచుకోని వేలితో, గబగబా, మూరలు మూరలుగా తెప్పలోకి లాగేసి, గాలాన్నించి ఆ కవళ్ళ చేపను విప్పి, అందరూ తింటున్న వైపు విసిరాడు. తర్వాత తెప్ప అంచు మీద చేతులు పెట్టుకుని కూర్చుని చూడసాగాడు.

దూరంగా భార్గవ్ పడవలోంచి చేతులు ఊపుతున్నాడు.

"ఎల్దాం నానా, సర్ కంగారు పడతారు. ఇంజను ఎయ్యి," అంది రత్నం.

"ఉండు పాపా," అన్నాడు పోలారావు నీళ్ళ మీదనుంచి చూపు తిప్పకుండా. "అది తింతంది."